నమోదు చేసుకున్నా సందేశం అందలేదా?
(గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిర్చి రైతుల కోసం ప్రత్యేక వ్యాసం)

గుంటూరు: పత్తి తీయించి, ఆరబెట్టి, ట్రాక్టరు కిరాయికి మాట్లాడుకుని ఇంటి ముంగిట కూర్చున్న రైతు ఒకప్పుడు ఆకాశం వైపు మాత్రమే చూసేవాడు. నేడు ఆకాశంతో పాటు చేతిలోని సెల్‌ఫోన్ వైపు కూడా చూడవలసి వస్తున్నది. మద్దతు ధరకు పత్తి అమ్ముకొనే రైతులకు భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) 2025-26 సీజను నుండి 'కపాస్ కిసాన్' యాప్ ద్వారా ముందస్తు నమోదు, స్లాటు బుకింగు విధానాన్ని ప్రవేశపెట్టింది. ఆ యాప్‌లోకి ప్రవేశించాలంటేనే సెల్‌ఫోన్‌కు వచ్చే ఓ.టి.పి. కావాలి. సరుకు తూకమై బిల్లు తయారైనప్పుడు, సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరినప్పుడు కూడా సమాచారం ఎస్.ఎం.ఎస్. రూపంలోనే అందుతుంది. ఈ-నామ్‌లో నమోదైన మార్కెట్ యార్డులలో లాటుకు పలికిన ధర, పి.ఎం. కిసాన్ వాయిదా, వాతావరణ సూచన, తుపాను హెచ్చరిక - అన్నిటికీ నేడు దారి ఒక్కటే, ఆ చిన్న తెర.

ఆ సందేశం రాకపోతే కలిగే నష్టం చిన్నది కాదు. 2025-26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర మధ్యస్థ పింజ పత్తికి క్వింటాలుకు 7,710 రూపాయలు, పొడవు పింజ పత్తికి 8,110 రూపాయలు. ఓ.టి.పి. రాక, స్లాటు దొరకక, విసిగి, వచ్చిన దళారికి క్వింటాలుకు 1,000 రూపాయలు తక్కువకు ఇచ్చివేసిన రైతు 20 క్వింటాళ్ల మీద కోల్పోయేది 20,000 రూపాయలు. ఒక ఎస్.ఎం.ఎస్. విలువ అంత ఉంటుందని ఊహించడం కష్టమే.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. సందేశం రాని రైతు, సాధారణంగా, అది దారి తప్పిందని అనుకోడు; తన పేరు జాబితాలో లేదని అనుకుంటాడు. గ్రామాలలో "మనకు రాలేదు" అనే మాటకు రెండు అర్థాలు ఏకమైపోయినవి: సమాచారం రాలేదు, లబ్ధి రాలేదు. ఈ రెండూ వేరు. హక్కు ఉండేది రికార్డులో. సందేశం ఆ రికార్డుకు నీడ వంటిది మాత్రమే. నీడ పడనంత మాత్రాన చెట్టు లేదని నిర్ణయించుకొని, విచారించకుండా ఊరకుండిన రైతులే ఎక్కువగా నష్టపోతున్నారు. కాబట్టి సందేశం రానప్పుడు రైతు చేయవలసిన మొదటి పని ఫోనును విప్పి చూడడం కాదు, తన పేరు రికార్డులో ఉన్నదో లేదో విడిగా తెలుసుకోవడం. రైతు సేవా కేంద్రంలో సామాజిక తనిఖీ నిమిత్తం ప్రదర్శించే ఈ-పంట జాబితాను స్వయంగా చూడవచ్చు. పి.ఎం. కిసాన్ వెబ్‌సైటులో లబ్ధిదారుని స్థితిని చూసుకొనే సదుపాయం ఉన్నది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ (95523 00009) ద్వారా కూడా పలు శాఖల సేవలు పొందవచ్చు.

పేరు ఉండి సందేశం మాత్రమే రానప్పుడు అసలు విచారణ మొదలవుతుంది. సందేశం నాలుగు చేతులు మారి రైతును చేరుతుంది. రికార్డులో నంబరు రాసినవారు మొదటి చెయ్యి. సందేశం పంపే కార్యాలయపు కంప్యూటరు రెండవది. టెలికాం సంస్థ మూడవది. రైతు చేతిలోని ఫోను నాలుగవది. లోపం ఎక్కడైనా ఉండవచ్చు గాని, మన ప్రాంతంలో అన్నిటికంటె ముందుగా అనుమానించవలసినది మొదటి చేతినే.

నంబరు ఎవరిది?

నమోదు సమయంలో రైతు వద్ద ఫోను లేకపోతే పక్కన ఉన్నవారి నంబరు రాయించడం పల్లెలలో సర్వసాధారణం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమారుని నంబరు, నెట్ సెంటరు నడిపే కుర్రవాని నంబరు, ఎరువుల దుకాణదారుని నంబరు, గుంటూరు యార్డులో తరతరాలుగా సరుకు దించే కమీషన్ వ్యాపారి నంబరు - ఇవన్నీ రైతు పేరు ఎదుట నమోదై ఉండడం కద్దు. సందేశం పోలేదని రైతు ఫిర్యాదు చేస్తాడు. పోయిందని కంప్యూటరు చూపుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. అది చేరవలసిన నంబరుకే చేరింది, ఆ నంబరు రైతుది కాదు.

కౌలు రైతుల విషయంలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. పెదనందిపాడు, ప్రత్తిపాడు నల్లరేగడి చేలలో గాని, పర్చూరు, ఇంకొల్లు వైపు మిర్చి తోటలలో గాని, సాగు చేస్తున్న మనిషి ఒకరు, పాసుపుస్తకంలో పేరున్నవారు మరొకరు కావడం విశేషమేమీ కాదు. భూయజమాని పేరుతో వివరాలు నమోదైతే సందేశాలు కూడా భూయజమానికే వెళ్తాయి. ఆయన విజయవాడలో ఉండవచ్చు, అమెరికాలో ఉండవచ్చు. ఏదో ఆంగ్ల అక్షరాలతో వచ్చిన ఎస్.ఎం.ఎస్. తన కౌలుదారుకు అవసరమైనదని ఆయనకు తట్టకపోవచ్చు. ఇందులో దురుద్దేశం వెదకనవసరం లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రాన్ని పొంది, ఈ-పంటలో సాగుదారుగా తన పేరును, తన నంబరును నమోదు చేయించుకున్న కౌలు రైతుకు ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఆ పత్రం గడువు 11 నెలలు. ప్రతి ఏటా కొత్త పత్రం తీసుకొనేటప్పుడు నంబరు కూడా సరిచూసుకోవాలి. పత్రం ఇవ్వడానికి భూయజమాని సమ్మతించని సందర్భాలలో, కనీసం సందేశం వస్తే వెంటనే తెలియజేయవలసినదిగా ఆయనతో ముందే మాట్లాడుకొని ఉండడం మేలు. ఇది పూర్తి పరిష్కారం కాదు, ఉన్నంతలో చేయగలిగినది.

ఇక్కడ రైతులను అత్యధికంగా తికమకపెట్టే విషయం ఒకటి వివరించవలసి ఉన్నది. ఒక రైతుకు నిజానికి మూడు నంబర్లు ఉండవచ్చు. ఆధార్‌కు అనుసంధానమైనది ఒకటి, పథకంలో గాని మార్కెట్ రికార్డులో గాని నమోదైనది మరొకటి, బ్యాంకు ఖాతాకు ఇచ్చినది మూడవది. ఆధార్ ఓ.టి.పి. మొదటి నంబరుకు వస్తుంది. పథకం సమాచారం రెండవదానికి వస్తుంది. సొమ్ము జమ అయినట్లు బ్యాంకు పంపే సందేశం మూడవదానికి వస్తుంది. ఓ.టి.పి. సక్రమంగా వస్తున్నదని, నా నంబరు అన్నిచోట్లా సరిగానే ఉన్నదని భావించడం పొరపాటు. ఒకచోట నంబరు మార్చినంత మాత్రాన మిగిలిన రెండుచోట్లా మారదు.

నగదు జమ సందేశాలలో ఇంకొక మెలిక. ప్రభుత్వ పథకాల సొమ్ము ఆధార్ ఆధారంగా జమ అయ్యేటప్పుడు, రైతుకు ఎన్ని ఖాతాలు ఉన్నా, నగదు బదిలీ కోసం ఆధార్‌తో ముడిపడిన ఒకే ఒక ఖాతాకు చేరుతుంది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు 'అన్నదాత సుఖీభవ' పథకాన్ని ప్రారంభించినప్పుడు రాష్ట్ర వాటా 5,000 రూపాయలు, పి.ఎం. కిసాన్ వాటా 2,000 రూపాయలు కలిపి అర్హుల ఖాతాలకు జమ అయినవి. ఇటువంటి రోజున పంట రుణం ఉన్న బ్యాంకు నుండి సందేశం కోసం ఎదురుచూసే రైతు సొమ్ము, ఎన్నడో ఉపాధి హామీ కూలి కోసం తెరిచిన మరొక ఖాతాలో పడి ఉండవచ్చు. ఆ ఖాతాకు ఇచ్చిన నంబరు పదేళ్ల నాటిది కావచ్చు. ఏ ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉన్నదో ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గాని, బ్యాంకు శాఖలో గాని తెలుసుకొనవచ్చు.

ఆధార్ కేంద్రానికి రైతు స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి ఆధార్‌లో నంబరు మార్చుకోవచ్చు. పట్టణానికి వెళ్లలేని వృద్ధులకు తపాలా శాఖ సహాయపడుతుంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా 2021 జూలై నుండి పోస్ట్‌మ్యాన్ ఇంటివద్దనే ఆధార్‌కు మొబైల్ నంబరు అనుసంధానించే ఏర్పాటు ఉన్నది. ఉత్తరాలు తగ్గిపోయిన ఈ కాలంలో పోస్ట్‌మ్యాన్‌కు ఇదొక కొత్త బాధ్యత. ఈ-కె.వై.సి. కోసమే అయితే ఓ.టి.పి. రాని రైతు ఆగిపోనవసరం లేదు, పి.ఎం. కిసాన్‌కు వేలిముద్ర ద్వారా, 2023 జూన్ నుండి యాప్‌లో ముఖం చూపడం ద్వారా కూడా ధ్రువీకరణ చేసుకొనే వీలున్నది.

నంబరు సరైనదే అయినా

రికార్డులో ఉన్నది తన నంబరేనని నిర్ధారించుకున్న తర్వాత రైతు చేయదగిన తేలిక పరీక్ష ఒకటున్నది. పక్కింటివారి ఫోను నుండి తన ఫోనుకు మామూలు ఎస్.ఎం.ఎస్. ఒకటి పంపించుకొని చూడాలి. వాట్సాప్ సందేశం కాదు, ఎస్.ఎం.ఎస్. అది కూడా రాకపోతే లోపం సిమ్‌లోనో ఫోనులోనో ఉన్నట్లు. అది వచ్చి కార్యాలయ సందేశం మాత్రమే రాకపోతే విచారణ వేరే దారి పట్టాలి.

సిమ్ విషయంలో ముందుగా చూడవలసినది రీచార్జి గడువు. పంట డబ్బు చేతికి వచ్చే వరకు రీచార్జిని వాయిదా వేసే కుటుంబాలు ఉన్నవి. గడువు ముగిసిన కొద్ది రోజులకు బయటికి వెళ్లే కాల్స్ మాత్రమే కాక లోపలికి వచ్చే సందేశాలు కూడా ఆగిపోవచ్చు. అసలు వాడకమే లేని ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల తర్వాత రద్దు చేసే అవకాశం ఉన్నది. అటువంటి నంబరును మరి 90 రోజులు గడిచిన మీదట వేరొకరికి కేటాయించవచ్చునని టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. అంటే ఖరీఫ్‌లో పోగొట్టుకున్న నంబరు మిర్చి అమ్మకాల నాటికి మరొకరి జేబులో ఉండవచ్చు. రైతు సందేశాలు ఆ అపరిచితుని ఫోనులో పడుతూ ఉంటాయి.

సిమ్ పోయి కొత్తది తీసుకున్నవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. సిమ్ మార్పిడి మోసాలను అరికట్టేందుకు టెలికాం శాఖ 2022 చివరిలో ఇచ్చిన ఆదేశాల మేరకు, కొత్త సిమ్ పనిచేయడం మొదలైన తర్వాత 24 గంటల పాటు ఎస్.ఎం.ఎస్.లు నిలిపివేస్తారు. స్లాటు బుక్ చేసుకొనే రోజు ఉదయమే కొత్త సిమ్ వేసుకున్న రైతుకు ఆనాడు ఓ.టి.పి. రాదు. ఇది లోపం కాదు, కాపలా.

ఫోను విషయానికి వస్తే, బటన్ల ఫోనులలో సందేశాల పెట్టె నిండిపోవడమే పెద్ద సమస్య. ప్రకటనల ఎస్.ఎం.ఎస్.లు వందల కొద్దీ పేరుకుపోతే కొత్తదానికి చోటు ఉండదు. పాతవి తీసివేస్తే ఆగి ఉన్నవి వచ్చి పడతాయి. స్మార్ట్ ఫోనులలో సందేశం వచ్చి కూడా కనిపించని సందర్భాలే ఎక్కువ. ప్రకటనగా భావించి ఫోను తనంతట తానే కొన్నిటిని 'స్పామ్ అండ్ బ్లాక్డ్' అనే అరలో వేస్తుంది. సందేశాల యాప్‌లో ఆ అరను తెరిచి చూడాలి. యాప్ ద్వారా వచ్చే సూచనలైతే, 2022లో వచ్చిన పదమూడవ ఆండ్రాయిడ్ నుండి ప్రతి యాప్ మొదటిసారి తెరిచినప్పుడు సూచనలు పంపడానికి అనుమతి అడుగుతుంది. తొందరలో 'వద్దు' అని నొక్కినవారికి ఆ యాప్ మౌనంగానే ఉండిపోతుంది. సెట్టింగులలో ఆ యాప్ పేరు మీదకు వెళ్లి నోటిఫికేషన్లు తిరిగి అనుమతించుకోవాలి. సీజను ముగిసిన తర్వాత నెలల తరబడి తెరవని యాప్‌కు ఇచ్చిన అనుమతులను ఫోను తానే వెనక్కి తీసుకోవచ్చు కనుక, ప్రతి సీజను ఆరంభంలో ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

తెలుగు సందేశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. ఇది చాలామందికి తెలియదు. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఆంగ్ల అక్షరాలైతే 160 పడతాయి, తెలుగులో అయితే 70 మాత్రమే. అందులోనూ మనకు ఒక అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒకటి కాదు. 'గుంటూరు' అన్న మాటలో మన కంటికి అక్షరాలు మూడు. యంత్రం గుణింతాలను, సున్నాను విడివిడిగా లెక్కించి ఏడు అంటుంది. అందువల్ల మామూలు తెలుగు సమాచారం కూడా రెండు మూడు ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. సిగ్నలు బలహీనంగా ఉన్న చోట ఒక ముక్క చేరకపోతే కొన్ని ఫోనులు మొత్తం సందేశాన్నే చూపవు. పాత ఫోనులలో తెలుగు లిపి లేకపోతే వరుసగా ఖాళీ గడులు మాత్రమే కనిపిస్తాయి. ఆ గడులను చూసి పనికిరానిదని చెరిపివేసిన రైతు, సందేశం రాలేదని నిజాయతీగానే చెబుతాడు. అటువంటి గడుల సందేశం వస్తే చెరపకుండా, తెలుగు కనిపించే మరొక ఫోనుకు పంపించి చదివించుకొనవలెను. పంపే కార్యాలయాల వారు కూడా ధర, తేదీ, స్థలం ముందుగా వచ్చేటట్లు కొద్ది మాటలలో రాయడం అవసరం. మా శాఖ వారితో సహా ఎవరికీ ఈ విషయంలో మినహాయింపు లేదు. సాదరంగా విజ్ఞప్తి చేయడమైనది అని మొదలుపెట్టేసరికే సగం సందేశం అయిపోతుంది.

పంపే దారిలో అడ్డంకులు

వ్యాపార ప్రకటనల బెడద తగ్గించేందుకు ట్రాయ్ 2018లో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పెద్ద సంఖ్యలో సందేశాలు పంపే ప్రతి సంస్థ తన పేరును, పంపబోయే సందేశపు నమూనాను టెలికాం సంస్థల వద్ద ముందుగా నమోదు చేయాలి. నమూనాకు సరిపోలని సందేశం దారిలోనే ఆగిపోతుంది. ఈ తనిఖీని 2021 మార్చి 8న పూర్తిగా అమలులోకి తెచ్చినప్పుడు దేశమంతటా బ్యాంకుల ఓ.టి.పి.లు నిలిచిపోయి గగ్గోలు పుట్టింది. మరునాడే ట్రాయ్ ఆ తనిఖీని ఏడు రోజుల పాటు నిలిపివేసి, సంస్థలకు నమూనాలు సరిచేసుకొనే వ్యవధి ఇచ్చింది. ఆనాడు కోట్లాది మంది తమ ఫోనులు చెడిపోయినవని అనుకున్నారు. 2024 అక్టోబరు నుండి, ముందుగా అనుమతి పొందని వెబ్ లింకు ఉన్న సందేశాలు కూడా ఆగిపోతున్నవి. కార్యాలయ సిబ్బంది సదుద్దేశంతోనే ఒక కొత్త లింకు చేర్చినా, ఒక మాట మార్చినా, అది రైతుకు చేరకపోవచ్చు.

దీనిని రైతు గుర్తుపట్టడం కష్టం కాదు. తనకు ఒక్కనికే రాలేదా, ఊరిలో ఎవ్వరికీ రాలేదా అని విచారిస్తే చాలు. ఎవ్వరికీ రాకపోతే లోపం పంపిన చోట ఉన్నట్లు. ఒక్కనికే రాకపోతే నంబరులోనో, సిమ్‌లోనో, ఫోనులోనో ఉన్నట్లు. రచ్చబండ వద్ద ఐదు నిమిషాలలో తేలే ఈ విషయం కోసం రోజంతా ఫోను రిపేరు దుకాణంలో గడిపినవారు ఉన్నారు.

ప్రకటనలు వద్దని 1909కు తెలిపి డి.ఎన్.డి.లో నమోదైనవారికి సందేహం కలుగవచ్చు. ప్రభుత్వ సందేశాలను, ఓ.టి.పి.లను, తాను నమోదైన సేవకు సంబంధించిన సమాచారాన్ని ఆ నమోదు అడ్డుకోదు. 2025 మే నుండి పంపినవారి పేరు చివర ఒక ఆంగ్ల అక్షరం చేర్చుతున్నారు. ప్రకటన అయితే 'పి', సేవ అయితే 'ఎస్', లావాదేవీ అయితే 'టి', ప్రభుత్వ సందేశం అయితే 'జి'. సలహా సందేశాన్ని ఎవరైనా ప్రకటనల వర్గంలో పంపితే మాత్రం డి.ఎన్.డి. ఉన్న రైతుకు చేరదు. అటువంటప్పుడు 1909కు ఫోన్ చేసి తన ఎంపికలను సవరించుకొనవచ్చు.

ఆలస్యం కూడా ఒక రకమైన లోపమే. 2021లో గుంటూరు మిర్చి తోటలలో కొత్త రకం తామర పురుగు కనిపించి, ఆ ఏటి పంటపై విరుచుకుపడింది. పూతలో చేరి రసం పీల్చే ఇటువంటి పురుగు విషయంలో లాం వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తల సలహా వారం తర్వాత చేరితే ఉపయోగమేమి? వాతావరణ శాఖ వ్యవసాయ వాతావరణ సూచనలు మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. శుక్రవారం సాయంత్రానికి ఏ సమాచారమూ రాకపోతే సందేశం కోసం కాచుకోకుండా 'మేఘదూత్' యాప్‌లో తమ జిల్లా సూచనను నేరుగా చూసుకొనవచ్చు. మిర్చి కల్లాలలో ఆరబోసి ఉన్న రోజులలో ఇది మరీ ముఖ్యం.

తుపాను హెచ్చరిక

తుపాను హెచ్చరిక వ్యవస్థ మిగిలినవాటికి భిన్నమైనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపాన తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరితో పాటు మిర్చి, పత్తి, పొగాకు చేలు నీట మునిగినవి. ఇటువంటి సమయాలలో ఏ రికార్డులోనూ నంబరు నమోదై ఉండనవసరం లేకుండా, ఒక ప్రాంతంలోని టవర్ల పరిధిలో ఉన్న ఫోనులన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని కేంద్ర టెలికాం శాఖ, జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ 2023లో దేశమంతటా పరీక్షించినవి. పెద్ద శబ్దంతో ఫోను మోగి చాలామంది ఉలిక్కిపడ్డారు. ఆ శబ్దం నచ్చక సెట్టింగులలో అత్యవసర హెచ్చరికలను ఆపివేసినవారు వాటిని తిరిగి అనుమతించవలసినదిగా కోరడమైనది. పాత ఊళ్లలో చాటింపు వేసే మనిషి డప్పు కొడుతూ ప్రతి వీధికీ వచ్చేవాడు. వినిపించలేదంటే రెండవసారి వచ్చేవాడు. ఎవరి నంబరూ అడగని ఈ సెల్ బ్రాడ్‌కాస్ట్ ఆ చాటింపుకు దగ్గరి చుట్టం.

ఈ-మెయిల్ వాడేవారికి

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, జిన్నింగు మిల్లులు, మిర్చి ఎగుమతిదారులు ఎస్.ఎం.ఎస్. కంటె ఈ-మెయిల్ మీద ఎక్కువగా ఆధారపడతారు. వారికి ఎదురయ్యే సమస్యలు వేరైనా మూలం అదే. సంఘం నమోదు నాడు ఆడిటరు తన సొంత ఈ-మెయిల్ చిరునామా ఇచ్చి ఉంటాడు. ఆడిటరు మారినా చిరునామా మారదు. చిరునామాలో ఒక చుక్కో అక్షరమో తప్పు పడితే లేఖలు తిరిగి వెళ్లిపోతాయి, పలుమార్లు తిరిగి వస్తే పంపేవారి యంత్రం ఆ చిరునామాకు పంపడమే మానివేస్తుంది. జి-మెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జి.బి. చోటు ఫొటోలకు, లేఖలకు కలిపి ఒక్కటే. పంట ఫొటోలతో అది నిండితే కొత్త లేఖలు రావు. అన్నీ సరిగా ఉంటే 'స్పామ్' అరలో వెదకాలి. అక్కడ దొరికిన లేఖను 'నాట్ స్పామ్' అని గుర్తిస్తే తరువాతివి ముందు అరలోకే వచ్చే అవకాశం పెరుగుతుంది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో లేఖలు పంపేవారు తమ గుర్తింపును సాంకేతికంగా నిరూపించుకోవాలని షరతు పెట్టినవి. అది నెరవేర్చని సంస్థ లేఖ సభ్యుని తప్పు ఏమీ లేకుండానే ఆగిపోవచ్చు. కనుక సంఘం పేరుతో ప్రత్యేకంగా ఒక ఈ-మెయిల్ ఏర్పాటు చేసి, దాని పాస్‌వర్డు ఇద్దరు బాధ్యుల వద్ద ఉంచి, వారానికి రెండుసార్లు తెరిచి చూసే పనిని ఒకరికి అప్పగించడం అవసరం.

ఈ వ్యాస రచయిత కూడా ఇందుకు అతీతుడు కాడు. ఒంగోలు నుండి బదిలీ అయి వచ్చిన తర్వాత ఒక సంస్థ నుండి రావలసిన నోటీసు కోసం నెలన్నర ఎదురుచూసి, వారిని గట్టిగా ప్రశ్నించడం జరిగింది. విచారణలో తేలినదేమంటే, పాత కార్యాలయపు చిరునామా మార్పించనే లేదు. నోటీసులన్నీ అక్కడికే క్రమం తప్పకుండా వెళ్తున్నవి.

రాని సందేశం పేరుతో మోసం

సందేశం కోసం ఆత్రుతగా ఉన్న మనిషిని మోసగించడం సులభం. పి.ఎం. కిసాన్ సొమ్ము ఆగిపోయిందని, ఈ ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే వస్తుందని వాట్సాప్‌లో ఎ.పి.కె. ఫైళ్లు పంపే ముఠాలు ఉన్నవి. దానిని తెరిచిన ఫోనులోని ఓ.టి.పి.లు వారి చేతిలోకి వెళ్లి బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో ఎ.పి.కె. ఫైలు పంపి లబ్ధి తీసుకోమనదు. వచ్చిన ఓ.టి.పి.ని ఫోనులో అడిగినవారికి చెప్పరాదు. పొరపాటున మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. మొదటి గంటలలో తెలిపితే సొమ్మును దారిలో నిలిపివేసే అవకాశం ఎక్కువ.

ఎవరిని సంప్రదించాలి

వ్యవసాయ శాఖ పథకాలు, ఈ-పంట, నంబరు సవరణ విషయాలలో ముందుగా గ్రామంలోని రైతు సేవా కేంద్రాన్ని, ఆపై మండల వ్యవసాయాధికారిని సంప్రదించవచ్చు. రాష్ట్ర వ్యవసాయ శాఖ కాల్ సెంటరు 155251, పి.ఎం. కిసాన్ సహాయ కేంద్రం 155261 - చివర నుండి రెండవ అంకె ఒక్కటే తేడా కనుక జాగ్రత్తగా నొక్కవలెను. పంట సలహాలకు 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులో జవాబిస్తుంది. ఈ-నామ్‌కు 1800-270-0224, ఆధార్‌కు 1947.

ఫోన్ చేసేటప్పుడు ఆధార్ కార్డు, పాసుపుస్తకం లేదా సాగు హక్కు పత్రం, రికార్డులో ఉన్న నంబరు, పక్కింటివారి ఫోను నుండి పంపించుకున్న ఎస్.ఎం.ఎస్. వచ్చినదీ లేనిదీ, ఊరిలో మిగిలినవారికి సందేశం అందినదీ లేనిదీ దగ్గర ఉంచుకుంటే పని త్వరగా జరుగుతుంది. ఫిర్యాదు సంఖ్య ఎస్.ఎం.ఎస్. ద్వారా పంపుతామని అవతలివారు చెబితే, దాని కోసం వేచి ఉండకుండా ఆ సంఖ్యను అప్పుడే నోటితో చెప్పించుకొని కాగితం మీద రాసుకొనవలెను.